మొరం తొవ్వ పాఠం: ధర్మపురి నుంచి జన్నారం అడవి దాకా

మన దగ్గర తొవ్వ అడిగితే ఎవరూ కిలోమీటర్లు చెప్పరు. "గీ కట్ట పట్టుకొని పో. ఒర్రె దాటినంక పానాది వస్తది. ఆడికెల్లి బీటీ రోడ్డే" అంటరు. విన్నప్పుడు ఇది అడ్రస్ లాగే ఉంటుంది గానీ, సైకిల్ తొక్కేవాడికి ఇందులో నాలుగు రకాల నేల వినబడాలి. అది వినబడటం నేర్చుకోవడమే ఈ పాఠం.

విషయం గ్రావెల్ సైక్లింగ్. తారు రోడ్డు వదిలి కంకర, మొరం, మట్టి దారుల్లో దూరాలు తొక్కడం. అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రంలో 2006లో మొదలైన ఒక పోటీతో దీనికి బాగా పేరు వచ్చింది. 2022లో ఇటలీలో మొదటి ప్రపంచ చాంపియన్‌షిప్ కూడా జరిగింది. పేరు కొత్తదే కానీ పని మనకు కొత్త కాదు. పాల క్యాన్లు కట్టుకొని చెలక దారిలో ఊరికి వచ్చే మనిషి ఎన్నో ఏళ్లుగా చేస్తున్నది ఇదే.

1. ముందు నేల పేర్లు

కట్ట: కాలువ గట్టు మీది దారి. కాలువను చూసుకోవడానికి వేసింది కనుక దాదాపు చదునుగా ఉంటుంది. నీళ్లు పారాలంటే వాలు చాలా తక్కువ ఉండాలి కదా, ఆ వాలే గట్టుకూ వస్తుంది. మొదటిసారి తొక్కేవాళ్లకు ఇంతకన్నా మంచి దారి లేదు.

పానాది: పొలాల మధ్య బండ్లబాట. రెండు చక్రాల గాడులు, మధ్యలో గడ్డి. గాడిలో పడితే హ్యాండిల్ తిప్పొద్దు, అదే గాడిలో కొంతదూరం పోయి తేలిక చోట బయటికి రావాలి.

మొరం: ఎర్రటి గరుకు మట్టి. ఎండకాలం గట్టిపడుతుంది, వాన పడ్డా తొందరగా ఆరుతుంది. అయితే మలుపుల్లో పైన రాలిన గులకలు జారుతాయి.

రేగడి: ఎండితే పలుగు దిగదు, తడిస్తే చక్రం తిరగదు. బురద టైరుకు చుట్టుకొని ఫోర్కులో ఇరుక్కుంటుంది. తడి రేగడిలో సైకిల్ మనల్ని మోయదు, మనమే దాన్ని మోయాలి.

ఒర్రె: చిన్న వాగు. ఎండినప్పుడు అచ్చం దారిలాగే కనబడుతుంది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాం దీని దగ్గరికి.

2. గాలి లెక్క

"టైరు రాయిలాగ ఉండాలె" అని గాలి నింపించుకోవడం మనందరి అలవాటు. తారు మీద సరే. మొరం మీద అది తప్పు. ఎందుకో చూద్దాం.

మనిషి, సైకిల్ కలిపి 85 కిలోలు అనుకుందాం. అందులో 60 శాతం, అంటే 51 కిలోలు వెనక చక్రం మీద పడతాయి. టైరు నేలను తాకే వైశాల్యం సుమారుగా బరువును గాలి ఒత్తిడితో భాగిస్తే వస్తుంది. 60 పీఎస్‌ఐ అంటే చదరపు సెంటీమీటరుకు 4.2 కిలోలు. అప్పుడు తాకేది 12 చదరపు సెంటీమీటర్లు. 35 పీఎస్‌ఐకి దించితే దాదాపు 21. పట్టు పెరుగుతుంది, గులకరాయి వస్తే టైరు దాని చుట్టూ వంగుతుంది, చక్రం ఎగిరిపడదు.

మరి ఇంకా తగ్గించొచ్చా? సన్నని టైరులో తగ్గిస్తే రాయి తగిలినప్పుడు ట్యూబు రిమ్ముకూ రాయికీ మధ్య నలిగి రెండు చిల్లులు పడతాయి. అందుకే గ్రావెల్ సైకిళ్లకు 40 మిల్లీమీటర్లు, ఆ పైన వెడల్పు టైర్లు వేస్తారు. టైరు వెడల్పు ఎంతో, గాలి అంత తగ్గించుకోవచ్చు.

3. చదును మోసం

ఏటి ఒడ్డు చదునుగా ఉంది, హాయిగా పోవచ్చు అనుకుంటాం. లెక్క వేరే చెబుతుంది. అదే 85 కిలోలకు దొర్లే నిరోధం తారు మీద 0.008, మొరం మీద 0.02, వదులు ఇసుకలో 0.05 అనుకుంటే, వెనక్కి లాగే బలం వరుసగా 7, 17, 42 న్యూటన్లు. ఇక 5 శాతం ఎక్కుడులో గురుత్వం వెనక్కి లాగే బలం ఎంత? అదీ 42 న్యూటన్లే. అంటే ఇసుకలో చదునుగా పోవడమూ ఒక గుట్ట ఎక్కడంతో సమానమే. గంటకు 10 కిలోమీటర్ల వేగంతో పోవాలన్నా ఆ 42 న్యూటన్లకే 116 వాట్లు కావాలి. హాస్టల్ రూములో తిరిగే 75 వాట్ల ఫ్యాను ఒకటిన్నర, మన కాళ్లతో తిప్పాలన్నమాట.

అప్పుడు గేర్ల సంగతి తెలుస్తుంది. ముందు 44 పళ్లు, వెనక 18 ఉన్న మామూలు సైకిల్ పెడల్ ఒక చుట్టు తిప్పితే సుమారు 5.4 మీటర్లు పోతుంది. ఆ వేగంలో నిమిషానికి 31 చుట్లే. మోకాళ్ల మీద భారం పడి, దిగి నడుస్తాం. ముందు 40, వెనక 42 ఉంటే చుట్టుకు 2.1 మీటర్లు, నిమిషానికి దాదాపు 80 చుట్లు. పని అంతే, కానీ మోకాలు బతుకుతుంది.

4. తొవ్వ

ధర్మపురి ఘాట్ల దగ్గర మొదలుపెడదాం. గోదావరి ఇక్కడ దక్షిణానికి మళ్లుతుంది కాబట్టి దక్షిణవాహిని అంటారు. నరసింహ శతకం రాసిన శేషప్ప కవి ఊరు ఇదే. ఇక్కడి నుంచి 63వ నంబరు జాతీయ రహదారి రాయపట్నం వంతెన మీద నది దాటి గూడెం వైపు పోతుంది. రహదారి మీద లారీలు ఎక్కువ, కనుక ఈ ముక్క పొద్దున్నే దాటేయాలి.

నది దాటితే పాత ఆదిలాబాద్ జిల్లా. గూడెం గుట్ట మీద సత్యనారాయణ స్వామి గుడి. అక్కడి నుంచి దండేపల్లి, జన్నారం వైపు కడెం ప్రాజెక్టు కాలువ పారే పల్లెలు. కట్టలు, పానాదులు, మొరం రోడ్లు అన్నీ ఈ భాగంలోనే దొరుకుతాయి. ఎడమ చేతి వైపు గోదావరి లోయ, కుడి వైపు గుట్టలు, టేకు అడవి. జన్నారం చేరితే కవ్వాల్ వాకిట్లో ఉన్నట్టే.

కాలం సంగతి: నవంబరు నుంచి ఫిబ్రవరి మంచిది. ఎండకాలం ఇక్కడ 45 డిగ్రీలు కొత్త కాదు. వానకాలం అయితే 2022 జులైని గుర్తు చేసుకోండి. కడెం ప్రాజెక్టు గేట్ల మీది నుంచి నీళ్లు పొర్లిన నెల అది.

5. ఒర్రె దగ్గర జరిగింది

పోయిన డిసెంబరులో నేను, నా రూమ్మేట్ ఇటే పోయాం. ఫోన్ మ్యాపులో సన్నటి తెల్లగీత కనబడింది, దగ్గరి దారి. తిప్పాం. ఇసుక, ఆపైన గుండ్లు. సైకిళ్లు తోసుకుంటూ అరగంట. మేకలు కాసే తాత ఒకాయన గట్టు మీద నిలబడి చూస్తున్నాడు.

"తాతా, ఈ తొవ్వ ఊళ్లెకు పోతదా?"

"అది తొవ్వ గాదు బిడ్డా, ఒర్రె. వానొస్తే నీ మెడ దాక నీళ్లు."

ఉపగ్రహానికి ఎండిన ఒర్రె, మొరం రోడ్డు రెండూ ఒకే తెల్లగీత. తేడా చెప్పే మాట ఆ తాత దగ్గర ఉంది. డిసెంబరు కాబట్టి మాకు పోయింది అరగంటే. అదే ఆగస్టు అయితే, పైన ఎక్కడో గుట్టల్లో పడ్డ వాన మాకు తెలిసేలోపే వచ్చేసేది.

6. అడవి హద్దు

జన్నారం దాటాక పాఠం మారుతుంది. కవ్వాల్ 2012లో పులుల అభయారణ్యం అయింది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అనుమతి లేకుండా లోపలి బాటల్లోకి పోకూడదు. చెక్‌పోస్టు దగ్గర అడగండి, పొద్దుగూకకముందే బయటికి రండి, వద్దంటే వెనక్కి తిరగండి. "సైకిలే కదా, చప్పుడు లేదు" అనే వాదన ఇక్కడ పనికిరాదు. చప్పుడు లేకపోవడమే ప్రమాదం. మనం వస్తున్నట్టు ఎలుగుబంటికి తెలియదు.

ఇంకో మాట. పులి కోసం ఈ అడవిలోని రాంపూర్, మైసంపేట ఊళ్లవాళ్లు తమ ఇళ్లు వదిలి బయటికి వచ్చారు. వాళ్లు వదిలిన నేల మీద మనం సరదాకు దొంగదారిన తిరగడం ఏం న్యాయం?

నదీలోయ నుంచి అడవి గుట్టలకు పోయే దారిని కనిపెట్టింది కూడా మనం కాదు. నాగోబా జాతరకు ముందు కేస్లాపూర్ నుంచి మెస్రం వంశస్థులు కాలినడకన జన్నారం మండలంలోని హస్తినమడుగుకు వచ్చి, గోదావరి జలం తీసుకొని మళ్లీ నడిచే గుట్టలెక్కుతారు. వాళ్లకు ఆ తొవ్వ పూజలో భాగం. ఎదురైతే సైకిల్ దిగి, పక్కకు జరిగి నిలబడటం మన పని.

చేసి చూడండి

ఈ సెలవుల్లో మీ ఊరి చుట్టూ పది కిలోమీటర్ల మ్యాపు తీయండి. అందులోని ప్రతి తెల్లగీతనూ ఇంట్లో పెద్దవాళ్లకు చూపించి, అది కట్టనా, పానాదినా, ఒర్రెనా అడిగి పక్కన రాసుకోండి. మీకు తెలియని మాట ఒక్కటైనా దొరుకుతుంది. దొరికితే క్లబ్బుకు పంపండి, వచ్చే సంచికలో మన తొవ్వల పదకోశం వేద్దాం. ఆ తర్వాతే టైర్లో గాలి తగ్గించి బయలుదేరండి.