వసంతర్తు పర్వతిథి నిర్ణయము – నెల్లూరు తీరమున దాని వినియోగము

శ్రౌతస్మార్తకర్మలన్నియు కాలాధీనములు. కర్త శుచియై, ద్రవ్యము సమకూడి, మంత్రము స్ఫుటముగా ఉచ్చరింపబడినను, విహితకాలము తప్పినచో కర్మ వైకల్యము నొందునని ధర్మశాస్త్రకారుల మతము. అందుచేతనే నిబంధనగ్రంథములలో కాలనిర్ణయమునకు ప్రధానస్థానము లభించినది. హేమాద్రి చతుర్వర్గచింతామణి (13వ శతాబ్ది), మాధవాచార్యుని కాలనిర్ణయము (14వ శతాబ్ది), కమలాకరభట్టు 1612లో ముగించిన నిర్ణయసింధువు, కాశీనాథోపాధ్యాయుడు 1790 ప్రాంతమున రచించిన ధర్మసింధువు ఈ విషయమున ముఖ్యప్రమాణములు. వీరిలో హేమాద్రి నెల్లూరి తిక్కనసోమయాజి శతాబ్దికి చెందినవాడు.

పెన్న సముద్రమును చేరు ఈ తీరప్రాంతమున ప్రతి వసంతమునందును ఒక ప్రశ్న వినవచ్చుచుండును. “పండుగ నేడా? రేపా?” ఒకే వీథిలో ఒక యింట ఉపవాసము, ప్రక్కయింట భోజనము. ఇట్టి భేదమును చూచి పంచాంగములన్నియు తప్పులే యని కొందరును, శాస్త్రమే అనిశ్చితమని కొందరును, ఏనాడు చేసిన నేమి యని మరికొందరును తలచుచున్నారు. ఈ మూడు తలంపులును విచారము లేనివి. పరాభవనామ సంవత్సరపు (శాలివాహన శకము 1948, క్రీ.శ. 2026) చైత్రవైశాఖములు ఈ విషయమును బోధించుటకు మిక్కిలి అనుకూలమైనవి. వానినే ఉదాహరణముగా గైకొని భేదమునకు కారణములను వేరువేరుగా చూపుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశము. ఇందు చూపబడిన తిథికాలములు దృగ్గణితానుసారములు, భారతకాలమానము ననుసరించినవి. సూర్యోదయము నెల్లూరునకు స్థూలముగా గణింపబడినది.

1. ఋతుస్వరూపము

వేదమున మధుమాధవములను పేర్లతో చెప్పబడిన రెండు మాసములు వసంతర్తువు. చాంద్రమానమున ఇవి చైత్రవైశాఖములు. సౌరమానమున మీనమేషములని ఒక పక్షము, మేషవృషభములని మరియొక పక్షము. నెల్లూరు తీరమున ఈ రెండు మానములును ప్రక్కప్రక్కనే నడచుచుండుట విశేషము. తెలుగువారు చైత్రశుద్ధ ప్రతిపత్తున ఉగాది జరుపుకొందురు. దక్షిణమున పులికాటు సరస్సువైపు పోయిన కొలది మేషసంక్రమణము ననుసరించి, సాధారణముగా ఏప్రిల్ 14న, సంవత్సరాదిని జరుపుకొను తమిళకుటుంబములు కానవచ్చును. 1957 మార్చి 22 మొదలు ప్రభుత్వవ్యవహారమున ప్రవేశించిన రాష్ట్రీయ పంచాంగము సాయనసౌరమాన మాసములను గ్రహించినది. మూడు ఆరంభములును మూడు లెక్కలకు చెందినవి. ఒకదానితో ఒకటి విరోధించునవి కావు.

ఈ తీరమునకు ప్రధానమైన వాన ఈశాన్య ఋతుపవనముల వలన వచ్చును. ఆ వానకు నాటిన వరి ఫాల్గుణ ప్రాంతమున కోతకు వచ్చును. కావున ఇచ్చట వసంతము క్రొత్తధాన్యము ఇల్లుచేరు కాలము. క్రొత్తబెల్లము, క్రొత్తచింతపండు, వేపపూవు, లేతమామిడి ఉగాదినాటికి సిద్ధముగా నుండుట ఆచారమును కాలము తానే సమర్థించుటవంటిది.

2. తిథి – వేధ – వ్యాప్తి

సూర్యచంద్రుల నడుమ అంతరము పండ్రెండు భాగలు పెరుగుటకు పట్టు కాలము తిథి. చంద్రగతి సమముగా నుండదు. కావున తిథి ప్రమాణము అరువది ఘడియలకు హెచ్చుతగ్గులుగా నుండును. ఒక తిథి రెండు సూర్యోదయములను తాకినచో వృద్ధి. ఏ సూర్యోదయమును తాకనిచో క్షయము. దినము సూర్యోదయముతో ఆరంభించును. తిథి మాత్రము పగలైనను రాత్రియైనను ఏ క్షణముననైన ఆరంభింపవచ్చును. ఈ అసమానతయే తిథినిర్ణయశాస్త్రమునకు మూలము.

ఒక దినమున రెండు తిథులున్నపుడు కర్మకాలమున ఏ తిథి వ్యాపించియున్నదో అదియే గ్రాహ్యమని సామాన్యసూత్రము. కర్మకాలము వ్రతమును బట్టి మారును. సంవత్సరారంభమునకు సూర్యోదయము, రామనవమికి మధ్యాహ్నము, అక్షయతృతీయకు పూర్వాహ్ణము, నృసింహజయంతికి సూర్యాస్తమయము. పూర్వతిథి వచ్చి తాకుట వేధ. కొన్ని వ్రతములకు వేధ దోషము, కొన్నిటికి కాదు. ఈ సూత్రము తెలియనిచో “సూర్యోదయమున నున్న తిథియే పండుగ” యను సులభమైన పొరపాటు కలుగును.

3. ఉగాది: క్షయప్రతిపత్తు

2026 మార్చి 19 గురువారమున నెల్లూరున సూర్యోదయము సుమారు ఉదయము 6-14. అమావాస్య 6-53 వరకు ఉన్నది. పిదప ప్రవేశించిన ప్రతిపత్తు మరునాటి తెల్లవారుజామున 4-52కే ముగియుచున్నది. 20వ తేదీ సూర్యోదయమునకు విదియ. అనగా చైత్రశుద్ధ ప్రతిపత్తు ఒక్క సూర్యోదయమునైనను తాకలేదు. ఉదయవ్యాప్తి గల ప్రతిపత్తు కావలెనని నియమము. అది యే దినమునను లేదు. ఇపుడేమి చేయవలెను?

శాస్త్రము ఈ ప్రశ్నను ముందుగనే యూహించినది. రెండు దినముల ఉదయవ్యాప్తి యున్నను, రెండు దినములందు లేకున్నను పూర్వదినమే గ్రాహ్యమని నిబంధనకారులు నిర్ణయించిరి. యుక్తియు స్పష్టము: 20వ తేదీ సూర్యోదయానంతరమున ప్రతిపత్తు లేశమైనను లేదు; 19న దినమంతయు కలదు. కావున ఉగాది 19వ తేదీయే. వసంతనవరాత్రారంభమును ఆనాడే. సూర్యోదయానంతరము సుమారు నలువది నిమిషములు అమావాస్య యుండుటచే, అది ముగిసిన పిదప నింబకుసుమభక్షణము, పంచాంగశ్రవణము జరుపుట యుక్తము. ఇచ్చట సంప్రదాయభేదమునకు తావు లేదు.

4. శ్రీరామనవమి: రెండు దినముల న్యాయము

అదే పక్షమున నవమి మరియొక విధమైన సమస్యను తెచ్చినది. నవమి మార్చి 26 గురువారము పగలు 11-48కి ప్రవేశించి, 27 శుక్రవారము ఉదయము 10-06కు ముగియుచున్నది. పగటిని ఐదు సమభాగములు చేసినచో ప్రాతఃకాలము, సంగవము, మధ్యాహ్నము, అపరాహ్ణము, సాయాహ్నము అగును. నెల్లూరున ఆ దినములలో మధ్యాహ్నభాగము సుమారు 11-03 మొదలు 1-29 వరకు. దీనినిబట్టి 26న నవమి మధ్యాహ్నమున అధికభాగమును వ్యాపించియున్నది. 27న సంగవకాలముననే ముగిసినది.

రామనవమి మధ్యాహ్నవ్యాపినియై యుండవలెను. రెండుదినములందును మధ్యాహ్నవ్యాప్తి యున్నచో అష్టమీవేధను విడిచి పరదినమును గ్రహింపవలెను. ఇచ్చట పరదినమున మధ్యాహ్నస్పర్శయే లేదు. కావున స్మార్తులకు 26వ తేదీయే శాస్త్రసమ్మతము. వైష్ణవులకు అష్టమీవేధ బలవత్తరమైన దోషము. పరదినమున సూర్యోదయమునుండి నవమి కనీసము మూడు ముహూర్తములైన నున్నచో వారు ఆ దినమునే గ్రహింతురు. 27న నవమి నాలుగు ముహూర్తములకు మించియే యున్నది. కావున వారికి 27 న్యాయ్యము.

గణితమొక్కటియే, పంచాంగమొక్కటియే, నిర్ణయములు మాత్రము రెండు. ఒకరు కర్మకాలవ్యాప్తికిని, మరియొకరు వేధరాహిత్యమునకును ప్రాధాన్యమిచ్చిరి. ఇందు పంచాంగకర్త దోషము లేదు. ఆచరించువారి దోషమును లేదు. తాను ఏ సంప్రదాయమునకు చెందెనో తెలియక, ఇరువురి మాటయు విని ఏ దినమునను ఆచరింపకుండుటయే దోషము.

రామనవమి శాస్త్రమున ముఖ్యముగా ఉపవాసవ్రతము. నవమినాడు ఉపవాసము, జాగరణము, దశమినాడు పారణ దానికి అంగములు. 26న ఉపవసించినవారు మరునాడు 10-06 దాటి దశమి ప్రవేశించిన పిదప పారణ చేయవలెను. తెలుగునాట నవమినాడు సీతారామకల్యాణము జరుపుట ప్రసిద్ధాచారము. బుచ్చిరెడ్డిపాళెము కోదండరామాలయము మొదలుకొని ఊరూర రామమందిరముల వరకు పానకము, వడపప్పు నివేదించి పంచిపెట్టుదురు. ఆలయమున ఉత్సవదినమును ఆ ఆలయసంప్రదాయము నిర్ణయించును. గృహమున వ్రతదినమును గృహస్థుని సంప్రదాయము నిర్ణయించును. ఒకనాడు ఇంట ఉపవసించి, మరునాడు గుడిలో కల్యాణమును సేవించినంతమాత్రమున వ్రతభంగము కాదు.

5. కామదైకాదశి, వైశాఖపర్వములు

చైత్రశుద్ధైకాదశికి కామద యని పేరు. స్మార్తులు సూర్యోదయమున దశమి యున్నచో వేధయని యెంతురు. వైష్ణవులు సూర్యోదయమునకు పూర్వము నాలుగు ఘడియల అరుణోదయమున దశమి తాకినను ఏకాదశిని విడుతురు. ఈ సంవత్సరమున దశమి మార్చి 28 ఉదయము 8-45కే ముగిసినందున 29వ తేదీ యేకాదశికి ఏ వేధయు లేదు. రెండు దినములకు ముందు నవమికి విడిపోయినవారు ఏకాదశికి ఏకమైరి. ఒకచోట భేదమును, ఒకచోట అభేదమును అదే నియమముల ఫలితమని ఇందుచే తెలియుచున్నది.

పారణవిషయమున మాత్రము జాగ్రత్త అవసరము. 30వ తేదీ ద్వాదశి 7-09 వరకే. సూర్యోదయమునుండి రమారమి ఒక గంట. ఇట్లు ద్వాదశి అల్పమైనపుడు పగటి నిత్యకర్మలను ముందునకు జరుపుకొనవచ్చుననియు, అదియు శక్యము కానిచో జలముతోనైన పారణ చేయవచ్చుననియు శాస్త్రము అనుగ్రహించినది.

అక్షయతృతీయ ఏప్రిల్ 19 పగలు 10-49కి ప్రవేశించి 20న ఉదయము 7-27 వరకు ఉన్నది. పరదినమున మూడు ముహూర్తములు లేనందున 19 గ్రాహ్యము. వైశాఖశుద్ధ చతుర్దశి ఏప్రిల్ 29న రాత్రి 7-51కి, అనగా అస్తమయానంతరము, ప్రవేశించినది. 30న అస్తమయమున సంపూర్ణముగా నున్నది. కావున నృసింహజయంతి 30వ తేదీ. నరసింహకొండ, పెంచలకోన క్షేత్రములు గల ఈ సీమకు ఇది ముఖ్యపర్వము.

6. భేదమునకు మూడు కారణములు

పై ఉదాహరణములనుబట్టి భేదకారణములు మూడుగా విభజింపవచ్చును.

మొదటిది గణితభేదము. ప్రాచీనసిద్ధాంతగణితమున తిథికి బాణవృద్ధి, రసక్షయము. అనగా అరువది ఘడియలపై ఐదు పెరుగుట, ఆరు తరుగుట. దృగ్గణితమున సప్తవృద్ధి, దశక్షయము. ఈ రెండు పద్ధతుల పంచాంగములకు కొన్ని ఘడియల అంతరము కలుగును. ఒక కుటుంబము ఒకే పద్ధతిని నిలకడగా అనుసరింపవలెను గాని, అనుకూలమైన దినమునకై ఏటేట పంచాంగమును మార్చరాదు.

రెండవది సంప్రదాయభేదము. రామనవమి దీనికి నిదర్శనము.

మూడవది దేశభేదము. తిథి ప్రవేశించు క్షణము లోకమంతటికి ఒక్కటియే. సూర్యోదయము మాత్రము దేశమునుబట్టి మారును. విషువత్తు సమీపమున హైదరాబాదుకంటె నెల్లూరున సూర్యుడు సుమారు ఆరు నిమిషములు ముందుగా ఉదయించును. ఆ ఆరు నిమిషములలో తిథి ముగిసినచో రెండు నగరములకు ఉదయతిథి వేరగును. సముద్రములు దాటినవారికి ఇది మరింత స్పష్టము. పైన చెప్పిన నవమి న్యూయార్కు నగరకాలమున మార్చి 26 తెల్లవారుజామున 2-18కి ప్రవేశించి, ఆ రాత్రి 12-36కు ముగియుచున్నది. అచ్చట 26న సూర్యోదయము, మధ్యాహ్నము రెండును నవమిలోనే. అష్టమీవేధ లేదు. కావున నెల్లూరున రెండు దినములుగా చీలిన స్మార్తవైష్ణవులు అచ్చట ఒకే దినమున వ్రతమాచరింపవలసియుందురు. స్వగ్రామమునకు అడిగి తెలిసికొన్న తేదీని విదేశమున యథాతథముగా పాటించుట భక్తియే యైనను నిర్ణయము కాజాలదు. ఉన్నచోటి సూర్యోదయమే ప్రమాణము.

7. ఉపవాసాధికారము

దినము నిర్ణయమైన పిదప ఎవరు ఎట్లు ఉపవసింపవలెనను విచారము మిగులును. చైత్రవైశాఖములలో ఈ తీరమున ఎండ తీవ్రమగును. ఉప్పుమళ్లలో పనిచేయువారు, వలలు లాగువారు, కళ్లములలో శ్రమించువారు నిర్జలముగా నుండుట ప్రాణసంకటము. ఏకాదశ్యుపవాసమున నిత్యాధికారము ఎనిమిదేండ్లు దాటినది మొదలు ఎనుబదేండ్లు నిండువరకే యని శాస్త్రము. అశక్తులకు నక్తము, ఏకభక్తము, ఫలాహారము విహితానుకల్పములు. జలము, మూలము, ఫలము, క్షీరము, హవిస్సు, బ్రాహ్మణుని కోరిక, గురువచనము, ఔషధము – ఈ ఎనిమిదియు వ్రతమును చెరుపవు. కావున మధుమేహము మొదలగు వ్యాధులు గలవారు ఔషధమును విడిచి ఉపవసించుట శాస్త్రాజ్ఞ కాదు. శాస్త్రమును సగము వినుట. వృద్ధులు “ఇన్నేండ్లు చేసితిమి, ఇపుడు మానుదుమా?” యని పట్టుపట్టినపుడు, మానుట కాదు, అనుకల్పమును గ్రహించుట యని వారికి నచ్చచెప్పుట పురోహితుని ధర్మము.

వైశాఖమున జలదానమును శాస్త్రము విశేషముగా ప్రశంసించినది. చలివేంద్రమును నెలకొల్పుటకును, ఉదకుంభమును దానమిచ్చుటకును తిథివిచికిత్స అడ్డురాదు, మాసమంతయు కాలమే.

8. ఉపసంహారము

ఒకే వసంతమున ఉగాదికి భేదము లేకుండుట, నవమికి భేదము కలుగుట, ఏకాదశికి మరల ఐక్యము కలుగుట చూచితిమి. మూడిట ప్రమాణము ఒక్కటియే: కర్మకాలమును, వేధను, సంప్రదాయమును కలిపి విచారించుట. పంచాంగమున అచ్చయిన పండుగపేరును మాత్రము చూడక, దాని ప్రక్కనున్న తిథ్యంతకాలమును చూచుట గృహస్థు నేర్చుకొనవలెను. ఆ రెండంకెలు చదువగలిగినవాడు పొరుగింటివాని ఉపవాసదినము వేరైనందుకు కలత చెందడు, తన దినమును విడువడు. పాఠశాలలలో ధర్మసింధువు చదువు విద్యార్థులకు ఏటేట క్రొత్తపంచాంగమును ముందుంచి ఇట్టి నిర్ణయములను వారిచేతనే చేయించినచో ఈ శాస్త్రము గ్రంథములలోనే గాక గృహములందును నిలుచును.