పహాణీ నుండి కృత్రిమ మేధ వరకు

హనుమకొండలోని సుబేదారి ప్రాంతానికి ఆ పేరు నిజాం కాలపు పాలనావ్యవస్థ నుండి వచ్చింది. హైదరాబాదు సంస్థానాన్ని సుబాలుగా విభజించి పాలించిన రోజుల్లో వరంగల్లు ఒక సుబాకు కేంద్రం. సుబాకు అధికారి సుబేదారు. జిల్లాకు తాలూక్‌దారు, తాలూకాకు తహసీల్దారు, గ్రామానికి పటేలు, పట్వారీలు ఉండేవారు. నేటి హనుమకొండ జిల్లా కలెక్టరేటు కూడా సుబేదారిలోనే ఉంది. పాలకులు మారినా భూమి లెక్క మాత్రం తప్పలేదు. ఆ లెక్కను వ్రాసిన తీరును గమనిస్తే నేటి డేటాబేసుల స్వరూపం సులభంగా బోధపడుతుంది.

గ్రామ లెక్కలలో పహాణీ ముఖ్యమైనది. ఆంధ్ర ప్రాంతంలో దీనిని అడంగల్ అంటారు. ఇందులో వివరాలు సర్వే నంబరు వారీగా ఉంటాయి. ఏ నంబరులో ఎంత భూమి ఉన్నది, అది తరియా ఖుష్కియా, పట్టాదారు ఎవరు, ఏ పంట వేశారు అనే సంగతులు వరుసగా కనిపిస్తాయి. 1-బి రిజిస్టరులో అదే భూమి ఖాతా వారీగా, అంటే యజమాని పేరు కింద చేరి కనిపిస్తుంది. భూమి ఒక్కటే, చూపే తీరులు రెండు. పొలాన్ని వెదికేవారికి మొదటిది, మనిషిని వెదికేవారికి రెండవది ఉపయోగపడుతుంది.

కంప్యూటరు శాస్త్రంలో ఈ చూపే తీరునే ‘వ్యూ’ అంటారు. 1970లో ఐబీఎం సంస్థలో పనిచేస్తున్న ఎడ్గార్ కాడ్ సమాచారాన్ని పరస్పర సంబంధం గల పట్టికలుగా అమర్చే విధానాన్ని ప్రతిపాదించాడు. మూల పట్టికను కదిలించకుండా, అందులోని కొన్ని వరుసలను, కొన్ని గడులను మాత్రమే ఎంచి చూపేది వ్యూ. ఒక పెద్ద కార్యాలయంలో ఇటువంటి వ్యూలు వందల సంఖ్యలో ఉండవచ్చు. అందుచేత భూమి, పన్నులు, పింఛన్లు అన్నట్లుగా వాటిని వర్గాలుగా విభజించి పెట్టుకుంటారు.

ఇటీవల ఈ వ్యూలను చదివే పని కృత్రిమ మేధ ఏజెంట్లకు కూడా అప్పగిస్తున్నారు. ఏజెంటు అనగా మనిషి అడిగిన ప్రశ్నకు తగిన పనిముట్టును తానే ఎంచుకొని, సమాచారాన్ని తెచ్చి జవాబు చెప్పే ప్రోగ్రాము. ఇటువంటి పనిముట్లను ఏజెంట్లకు అందించేందుకు 2024 నవంబరులో మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్ అనే ఉమ్మడి పద్ధతి వెలువడింది. ఇందులో ప్రతి పనిముట్టుకు ఒక పేరు, ఒక వివరణ, దానికి అందించవలసిన విషయాల పట్టిక ఉంటాయి. ఏజెంటుకు కార్యాలయపు అనుభవం లేదు. పక్క బల్లవారిని అడిగే అవకాశమూ లేదు. వ్రాసి ఇచ్చిన వివరణే దానికి ముఖ్యమైన ఆధారం.

కనుక వ్యూల జాబితాను చూపే పనిముట్టు మొదట వర్గాల పేర్లు చెప్పాలి. తరువాత అడిగిన వర్గంలోని వ్యూలను, వాటి ప్రయోజనాన్ని, వాటిలోని గడులను చూపాలి. అన్నింటినీ ఒక్కసారిగా కుమ్మరిస్తే ఏజెంటు దారి తప్పే ప్రమాదం పెరుగుతుంది.

వివరణ లోపిస్తే ఏమవుతుందో ఒక ఉదాహరణ చూద్దాం. భూమి లెక్కలో 2.20 అని ఉంటే రెండు ఎకరాల ఇరవై గుంటలు అని అర్థం. ఎకరానికి 40 గుంటలు కనుక అది రెండున్నర ఎకరాలు. ఒక రైతుకు ఒక నంబరులో 2.20, మరొక నంబరులో 1.30 ఉన్నాయనుకుందాం. దశాంశాలుగా కూడితే 3.50 వస్తుంది. యంత్రం దానిని మూడున్నర ఎకరాలుగా భావిస్తుంది. నిజానికి మొత్తం నాలుగు ఎకరాల పది గుంటలు. కూడిక తప్పలేదు, భావమే తప్పింది. ఫలితంగా ముప్పై గుంటల భూమి లెక్కలో మాయమైంది. ‘చుక్క తరువాతి అంకెలు గుంటలు’ అనే ఒక్క వాక్యం ఈ నష్టాన్ని ఆపగలదు.

పట్టాదారు, అనుభవదారు అనే మాటలు కూడా ఇటువంటివే. హక్కు ఉన్నవాడు పట్టాదారు. భూమి ఎవరి అధీనంలో ఉందో అతడు అనుభవదారు. ఇద్దరూ ఒకరే కావచ్చు, కాకపోవచ్చు. వ్యూలో ‘పేరు’ అని మాత్రమే ఉంటే కౌలుదారు యజమానిగా కనిపించవచ్చు. అలాగే ఆ వివరాలు ఏ సంవత్సరానివో చెప్పడం అవసరం. 1954-55 నాటి ఖాస్రా పహాణీలోని పేరు నేటి యజమాని పేరు కానక్కరలేదు.

1984లో పట్వారీ వ్యవస్థ రద్దయింది. 2020లో ధరణి, 2025లో భూభారతి వచ్చాయి. వ్యవస్థ మారినప్పుడల్లా పట్టికల రూపం మారుతుంది. పట్టికతో పాటు దాని వివరణను కూడా సవరించాలి. పూర్వం లెక్కలోని మర్మం అడిగితే చెప్పడానికి పట్వారీ ఉండేవాడు. నేడు ఆ మాట కాగితం మీద లేకపోతే యంత్రం తన ఊహతో ఖాళీని పూరిస్తుంది. ఆ ఊహకు మూల్యం చెల్లించేది మాత్రం రైతే.

ప్రశ్నలు

1. పహాణీకి, 1-బి రిజిస్టరుకు గల భేదాన్ని తెలిపి, ‘వ్యూ’ అనగానేమో వివరించండి.
2. ‘కూడిక తప్పలేదు, భావమే తప్పింది’ - సందర్భాన్ని వివరించండి.
3. ఒక సర్వే నంబరులో 3.25, మరొక దానిలో 1.20 ఉన్నాయి. మొత్తం ఎన్ని ఎకరాలు, ఎన్ని గుంటలు?