ఉత్సవ నగరము – ఔత్సాహికుని కెమెరా

ఉత్సవమునకు రెండు ముఖములు గలవు. నిర్వాహకులు చూపదలచినది ఒకటి; సామాన్యులు అనుభవించినది మరొకటి. మొదటిది నివేదికలలో నిలుచును. రెండవదానిని నిలుపునది తరచుగా ఔత్సాహిక ఛాయాగ్రాహకుడే.

1900 ఏప్రిల్ 14 నుండి నవంబరు 12 వరకు పారిస్ నగరమున ప్రపంచ ప్రదర్శనము జరిగెను. సందర్శకుల సంఖ్య సుమారు 5 కోట్లు. ఫ్రెంచి నవలాకారుడు ఎమిలీ జోలా అచట కెమెరాతో సంచరించెను. ఛాయాగ్రహణము ఆయనకు వృత్తి కాదు, అభిరుచి. అయినను గాజుపలకలను తానే కడిగి, ప్రతులను తానే తీసెడివాడు. ఐఫెల్ గోపురము పైనుండి ప్రదర్శనశాలలను, నేలపై నిలిచి నడచిపోవు జనమును చిత్రించెను.

అంతకు రెండేండ్ల పూర్వము, 1898లో, డ్రైఫస్ అను యూదు సైనికాధికారికి జరిగిన అన్యాయమును పత్రికాముఖమున ఖండించినందులకు జోలా శిక్షకు గురియై ఇంగ్లండునకు పోయెను. 1899లో తిరిగి వచ్చెను. కలముతో సత్యమును అడిగినవాడు కెమెరాతో సామాన్యుని చూచుట మాకు సహజముగనే తోచుచున్నది.

ప్రదర్శన భవనములలో అధికభాగము పిమ్మట తొలగింపబడెను. ఆ బాటసారులు మాత్రము చిత్రములలో నేటికిని నడచుచునే యున్నారు.

విద్యార్థులారా! మన వార్షికోత్సవమున వేదికను చిత్రించువారు పలువురుందురు. షామియానా కట్టువానిని, మంచినీరు అందించువానిని కూడ ఒక్కమారు చూడుడు. రేపటి చరిత్రకు వారి ముఖములును కావలయును.