ఇంజను వెలికి దీసినపుడు

యంత్రభాగములకు వృద్ధాప్యము రెండు విధములుగా వచ్చును. కొన్ని పనిచేయుటచే అరుగును. కొన్ని పనిచేయకున్నను కాలవశమున చెడును. మొదటిదానికి క్లచ్ ప్లేటును, రెండవదానికి రబ్బరు గొట్టమును చెప్పవచ్చును. పాత కారును బాగుచేయువాడు ముందుగా ఈ భేదము నెరుగవలెను. యంత్రవిద్య యందు మక్కువగల పిల్లలున్న తలిదండ్రులకు ఉపయోగపడునను తలంపుతో ఒక కారును ఉదాహరణముగా గొని ఈ విషయమును వివరించెదను.

ఆ కారు పేరు ఎం.జి.బి. ఇంగ్లండులోని ఆబింగ్డన్ పట్టణమున 1962 మొదలు 1980 వరకు తయారైన చిన్న స్పోర్ట్సు కారు ఇది. 5 లక్షలకు పైగా నిర్మింపబడినది. దీని ఇంజను నాలుగు సిలిండర్లది, 1798 ఘన సెంటీమీటర్లది. ఈ కారులో క్లచ్ మార్చవలెనన్న గేరుబాక్సును మాత్రమే క్రిందినుండి లాగుటకు వీలులేదు. బానెట్టు విప్పి, నీరు వదలి, రేడియేటరు తీసి, తీగలను గొట్టములను విడదీసి, ఇంజనునే గొలుసుతో పైకెత్తవలెను. ఒక ప్లేటు కొరకు ఇంత శ్రమయా యని యజమాని విసుగుకొనుట సహజమే.

ఇంజనును ఎత్తకముందే చేయవలసిన పని యొకటి గలదు. దీనిని పలువురు మరతురు. ఇంజను నడచుచుండగా నూనె పీడనమెంత, సిలిండర్లలో కంప్రెషన్ ఎంత, గేరుబాక్సు మ్రోగుచున్నదా, నూనె ఎచ్చట కారుచున్నది అని పరీక్షించి వ్రాసికొనవలెను. బల్లపై పడియున్న ఇంజను ఈ ప్రశ్నలలో కొన్నింటికి బదులు చెప్పదు.

క్లచ్ ప్లేటుతోపాటు ప్రెషరు ప్లేటును, రిలీజు బేరింగును కలిపి మార్చుట యుక్తము. ఈ కారులో ఆ బేరింగు గుండ్లతో తిరుగునది కాదు, కార్బను వలయము. పెడలుపై ఊరక కాలుంచి నడుపు అలవాటున్నవారికి ఇది త్వరగా అరిగిపోవును. క్రాంకుషాఫ్టు చివరనున్న చిన్న కంచు బుష్షును కూడ అప్పుడే చూడవలెను.

ఇక ముఖ్యమైనది వెనుక ఆయిల్ సీలు. తొలి ఇంజనులలో క్రాంకుషాఫ్టుకు మూడే బేరింగులు. నూనెను లోపలికి మరల్చు మరచుట్టు తప్ప వెనుక సీలు లేదు. 1964లో వచ్చిన అయిదు బేరింగుల ఇంజనుకు సీలు గలదు. దాని వెల స్వల్పము. కాని క్లచ్, ఫ్లైవీలు తీయనిదే అది చేతికందదు. గట్టిపడిన పాత సీలును అట్లే విడిచినచో, నూనె క్రొత్త ప్లేటుపై బడి అది జారసాగును. ఇంజను మరల పైకెత్తవలసినదే. కావున అది కారకున్నను మార్చుమని నా యభిప్రాయము.

ఇంజనును మోయు రబ్బరు దిమ్మలు, నీటి గొట్టములు, క్లచ్ ద్రవపు మెత్తని గొట్టము ఈ కోవకే చెందును. సిలిండరు బ్లాకు ప్రక్కల పోతపోయునాటి రంధ్రములను మూయు పలుచని ఉక్కు బిళ్లలు గలవు. ఇవి నీటివైపునుండి త్రుప్పు పట్టును. వెలుపలికి శుభ్రముగా నున్నను నమ్మరాదు.

అయితే చేతికందిన దెల్ల మార్చుటయు ప్రమాదమే. కంప్రెషన్ బాగున్న ఇంజనును విప్పనక్కరలేదు. మ్రోగని గేరుబాక్సును తెరువనక్కరలేదు. ఒకదాని వెంట నొకటి మొదలిడి, ఇంజను గదికి రంగు వేయువరకు వచ్చి, డబ్బు చాలక, ఏండ్ల తరబడి షెడ్డులో ముక్కలుగా నిలిచిన కార్లు ఎన్నియో! పాత కార్లకు ఇప్పుడు దొరకు రబ్బరు సామానులన్నియు మేలైనవి కావు; క్రొత్తది సరిగా అమరువరకు పాతదానిని పారవేయరాదు.

కూర్చునపుడు క్లచ్ ప్లేటును నడుమకు సరిగా నిలుపవలెను. లేనిచో గేరుబాక్సు కడ్డీ దూరదు. గేరుబాక్సు బరువును క్షణమైనను ఆ ప్లేటుపై వ్రేలాడనీయరాదు. నూనె, నీరు పోసి, స్పార్కు ప్లగ్గులు తీసి, పీడనపు ముల్లు కదలువరకు స్టార్టరుతో త్రిప్పిన పిమ్మటనే ప్లగ్గులు బిగించి ఇంజనును నడుపవలెను. కొద్ది మైళ్లు తిరిగి వచ్చి, చల్లారిన తరువాత దిమ్మల బోల్టులను, గొట్టముల పట్టీలను మరియొకమారు బిగించి చూడవలెను.