డ్యూటీ దారిని పటానికి ఎక్కించడం

ప్రశ్న: బెంగాల్‌లోని పశ్చిమ మేదినీపూర్ జిల్లాలో ఉన్న నింపురా నుంచి విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్క్‌లోని కర్మాగారానికి రోజూ వెళ్ళివచ్చే ఉద్యోగి ఆ ప్రయాణాన్ని బొమ్మలుగా వేయదలచినప్పుడు, దారిలో విశేషమేదీ కనిపించకపోతే ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: ఒకే దారిని ఏడాది పొడవునా చూసే కంటికి మాత్రమే అందే సంగతులు ఉంటాయి, పుష్యమాసపు మంచులో ముందు దీపాలు కనబడి ఆ తరువాతే ఆకారం తేలే లారీ, నైట్ షిఫ్టు దిగివచ్చేవారి చెంప మీద హెల్మెట్ పట్టీ వదిలిన గీత అటువంటివే. వాటిని ఒక్క చట్రంలో ఇరికించనక్కరలేదు. దారి వరుసగా సాగేది కనుక దానికి తగిన రూపం పటం, అనగా గడులు గడులుగా బొమ్మలు వేసి, చుట్టగా చుట్టి, కథ చెబుతూ విప్పే పొడవాటి చిత్రం. ఈ కళకు పేరుపొందిన నయా గ్రామం అదే పశ్చిమ మేదినీపూర్ జిల్లాలో, పింగ్లా ప్రాంతంలో ఉంది. అక్కడి పటువాలు, అనగా పటం గీసి పాడే చిత్రకారులు, కాగితాలను అతికి, వెనుక పాత చీర గుడ్డ అంటించి, మారేడుకాయ జిగురు కలిపిన రంగులతో పురాణాలనే కాక 2004 నాటి సునామీని కూడా చిత్రించారు. తెలంగాణలోని చేర్యాలలో నకాశీలు పటం గీస్తే కులపురాణం చెప్పేవారు వేరే ఉంటారు. పటువా సంప్రదాయంలో గీసేదీ పాడేదీ ఒకరే. తాను తిరిగే దారిని తానే చెప్పదలచిన ఉద్యోగికి ఈ రెండవ పద్ధతి చక్కగా అమరుతుంది. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలో ఉత్తరాంధ్ర నుంచి ఈ జిల్లాకు వలస వచ్చిన కుటుంబాల బిడ్డ అయితే, గడి కింద రాసే మాటలు ఇంట్లో పలికే తెలుగులోనే ఉండడం మరీ మంచిది.

ప్రశ్న: తోటి ప్రయాణికుల ముఖాలను వారికి తెలియకుండా గీయవచ్చునా?

జవాబు: వాకర్ ఎవాన్స్ 1938 నుంచి 1941 వరకు న్యూయార్క్ భూగర్భ రైళ్ళలో కోటు చాటున కెమెరా దాచి ముఖాలను ఛాయాచిత్రాలు తీసినా, వాటిని పుస్తకంగా వెలువరించింది 1966లోనే. 1943 కరువులో మేదినీపూర్ ఊళ్ళు తిరిగిన చిత్రకారుడు చిత్తప్రసాద్ బాధితులతో మాట్లాడి, వారి గాథలను బొమ్మలతో పాటు రాసుకున్నాడు. ఈ రెంటిలో రెండవ దారే మేలైనది. రోజూ పక్కన కూర్చునే మనిషికి తన బొమ్మ చూసే హక్కు ముందుగా ఉంటుంది. నిద్రపోతున్నవారిని గీయవలసి వస్తే ముఖం వదిలి, ఒడిలోని టిఫిన్ క్యారియర్‌ను పట్టుకున్న చేతులను గీయడం ఉచితం.

ప్రశ్న: బస్సు కుదుపులకు గీత వంకరపోతే ఏమి చేయాలి?

జవాబు: దిద్దకూడదు. గతుకు దగ్గర ఎగిరిన పెన్సిల్ ఆ రోడ్డును తానే నమోదు చేస్తుంది కనుక, అరచేతిలో ఇమిడే పుస్తకంలో ఆ గీతను అలాగే ఉంచి, పక్కన వేళ, వెలుతురు వచ్చిన దిక్కు రాసుకుని, రంగులు మాత్రం ఇంటికి చేరాక వేయాలి.