వారం రోజుల వాన లెక్క

అక్కలారా, మీరు పాల లెక్క రాసుకుంటారు. పొదుపు సంఘంలో అప్పు లెక్క చూసుకుంటారు. వాన లెక్క ఎప్పుడైనా రాశారా?

మేము రాశాం. మాది అనంతపురం జిల్లాలో ఒక పల్లె. మా రాత్రి బడికి పదహారు మంది వస్తారు. అందరూ ఆడవాళ్లే. పోయిన వేసవిలో, మే నెల చివరి వారం, రోహిణి కార్తె మొదలైంది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఆ ఎండలకు తగ్గట్టే ఆ వారం మాపటేల మోడం కూడా పట్టింది. ఉరుములు ఉరిమాయి.

"వాచకం అయిపోయింది. ఇంక ఏం రాయాల పాపా?" అని ఒక అక్క అడిగింది. రోజూ వాన సంగతి రాద్దాం అన్నాను. అందరూ నవ్వారు. మా సీమలో వాన పడితే గదా రాయడానికి!

వాన కొలవడానికి ఒక పాలపొడి డబ్బా తెచ్చాం. డబ్బా అడుగు ఎంత వెడల్పో, మూతి కూడా అంతే వెడల్పు ఉండాలి. చెంబు పనికిరాదు. బిందె పనికిరాదు. బడిపిల్లల స్కేలు ఒకటి తీసుకున్నాం. స్కేలు కొసన సున్నాకు ముందు కొంచెం ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీని కోసేశాం. లేకపోతే లెక్క తప్పు వస్తుంది. స్కేలు మీద చిన్న గీతకూ గీతకూ మధ్య దూరం ఒక మిల్లీమీటరు. పది చిన్న గీతలైతే ఒక సెంటీమీటరు. డబ్బాను గోడకూ చెట్టుకూ దూరంగా, బయలులో పెట్టాం. గాలికి పడకుండా చుట్టూ రాళ్లు పేర్చాం.

"పెద్ద డబ్బా పెడితే ఎక్కువ వాన పడదా?" అని మూలింటి అవ్వ అడిగింది. మంచి ప్రశ్న. నీళ్లు ఎక్కువ పడతాయి. కానీ లోతు మారదు. కావాలంటే రెండు డబ్బాలు పక్కపక్కన పెట్టి చూడండి.

సోమవారం

పొద్దున్నుంచి ఉక్కపోత. టీవీలో 41 డిగ్రీలు అన్నారు. మిద్దె మీద వడియాలు పెట్టాం. మూడు గంటలకు పడమట నల్లగా మోడం లేచింది. దుమ్ము లేచింది. అందరం మిద్దెలెక్కి చేటలు, చీరలు తెచ్చుకున్నాం. నాలుగు చినుకులు రాలాయి. అంతే.

పుస్తకంలో ఒక అక్క ఇట్లా రాసింది: సోమవారం. గాలి. దుమ్ము. వాన సున్న.

ఎండాకాలం వాన పొద్దున రాదు. ఎక్కువగా మాపటేలే వస్తుంది. ఎందుకు? పొయ్యి మీద ఎసరు పెడతాం. పెట్టిన వెంటనే ఎసరు మరగదు. నేల కూడా అంతే. పొద్దుటి నుంచి ఎండకు కాగి కాగి, మధ్యాహ్నం దాటాక బాగా వేడెక్కుతుంది. నేలను అంటుకున్న గాలి కూడా వేడెక్కి పైకి లేస్తుంది. ఆ గాలిలో కంటికి కనపడని తడి ఉంటుంది. సముద్రం మీది నుంచి వచ్చిన తడి అది. ఉక్కపోసి చెమట ఆరకపోతే గాలిలో తడి ఉందని గుర్తు. పైకి పోయేకొద్దీ చల్లగా ఉంటుంది. ఎసటి ఆవిరి మూతకు తగిలి బొట్లు కడుతుంది చూడండి. అట్లాగే ఆ తడి చల్లబడి మబ్బు అవుతుంది. ఉరుముల మబ్బు కొండ మాదిరి పెరుగుతుంది. పది, పన్నెండు కిలోమీటర్ల ఎత్తుకు పోతుంది. కింద మనం చెమటలు కక్కుతుంటే, ఆ మబ్బు తలకాయలో మంచుగడ్డలు ఉంటాయి.

వార్తల్లో "ద్రోణి ప్రభావం" అంటారు. ద్రోణి అంటే ఏమిటి? చేనులో నాగలి చాలు తీస్తే నీళ్లు ఆ చాలులోకి చేరతాయి. ఆకాశంలో కూడా గాలి బరువు తక్కువైన చోటు పొడుగ్గా, చాలు మాదిరి ఏర్పడుతుంది. తడిగాలి అక్కడికి చేరుతుంది. ఎండాకాలంలో ఈ చాలు చాలాసార్లు మహారాష్ట్ర వైపు నుంచి కర్ణాటక మీదుగా తమిళనాడు వరకు సాగుతుంది. మా జిల్లా దానికి దగ్గర.

మంగళవారం

నాలుగు గంటలకు వాన వచ్చింది. ఇరవై నిమిషాలు పడింది. డబ్బాలో 5 మిల్లీమీటర్లు. మా అవ్వ పుట్టిల్లు మూడు కిలోమీటర్ల దూరం. ఫోను చేస్తే అక్కడ చినుకు లేదన్నారు. అవ్వ అలిగింది. "మా ఊరోళ్లు ఏం పాపం చేసినారు?" అంది. పాపం ఏమీ లేదు. ముసురు వాన వేరు, ఉరుముల వాన వేరు. ముసురు మబ్బు జిల్లా అంతా కప్పుతుంది. ఉరుముల మబ్బు కొద్ది మేర మీదే ఉంటుంది. ఒక ఊరిలో కురిసి, పక్క ఊరికి పోయే లోపల ఖాళీ అయిపోతుంది.

బుధవారం

వాన సున్న. ఎండ మామూలే. అయితే రాత్రి బడి జరిగేటప్పుడు ఉత్తరం దిక్కున మెరుపులు కనపడ్డాయి. ఆ రాత్రి పలక పట్టలేదు. బయట కూర్చొని లెక్క నేర్చుకున్నాం. ఈ వారంలో అన్నిటికంటే పనికొచ్చిన లెక్క ఇదే.

మెరుపు, ఉరుము ఒకేసారి పుడతాయి. మెరుపు వేడి 30,000 డిగ్రీల దాకా ఉంటుంది. ఆ వేడికి గాలి ఒక్కసారిగా పిగిలినట్లు అవుతుంది. ఆ చప్పుడే ఉరుము. వెలుతురు వెంటనే మన కంటికి చేరుతుంది. చప్పుడు నిదానంగా వస్తుంది. ఒక కిలోమీటరు రావడానికి చప్పుడుకు సుమారు మూడు సెకన్లు పడుతుంది. కాబట్టి మెరుపు కనపడగానే ఒకటి, రెండు, మూడు అని నిదానంగా లెక్కపెట్టాలి. ఉరుము వినపడగానే ఆపాలి. వచ్చిన అంకెను మూడుతో భాగించాలి. తొమ్మిది వస్తే మూడు కిలోమీటర్లు. ముప్పై వస్తే పది కిలోమీటర్లు.

మూలింటి అవ్వకు అంకెలు ఇంకా తడబడతాయి. ఉరిమితే ఆమె "అర్జునా, ఫల్గుణా" అని అర్జునుడి పేర్లు తలుచుకుంటుంది. మా ఇళ్లలో అందరూ అంతే. పేర్లు పది. నిదానంగా పేరుకు ఒక సెకను చొప్పున చెప్పుకుంటే అదే లెక్క అవుతుంది. పది పేర్లు అయిపోయే లోపలే ఉరిమితే పిడుగు మూడు కిలోమీటర్ల లోపలే ఉంది. అవ్వకు ఈ మాట బాగా నచ్చింది. పేర్లు చెప్పుకుంటూనే ఇంట్లోకి రావాలని చెప్పాను.

ఒక మాట మరిచిపోవద్దు. పిడుగు మబ్బు కిందనే పడాలని లేదు. పది కిలోమీటర్ల దూరం కూడా దూకుతుంది. అంకె ముప్పైకి తగ్గితే చేను వదలాలి. చివరి ఉరుము విన్నాక అరగంట వరకు మళ్లీ బయటికి రాకూడదు.

గురువారం

మా బడికి వచ్చే ఒక అక్కకు మేకలున్నాయి. ఇరవై రెండు. ఆ రోజు చెరువు కట్ట కింద మేపుతోంది. అక్కడ పెద్ద చింతచెట్టు ఉంది. వాన వస్తే కాపర్లంతా దాని కిందికే పోతారు. మా తాతల కాలం నుంచి అంతే.

నాలుగు గంటలకు మెరిసింది. అక్క లెక్కపెట్టింది. పదిహేను. అంటే ఐదు కిలోమీటర్లు. రెండోసారి తొమ్మిది. అక్క మేకలను తోలుకొని పాత బడి గది వైపు నడిచింది. అది కాంక్రీటు కప్పు గది. రెండు వందల అడుగుల దూరం కూడా ఉండదు. ఇంతలో వడగండ్లు మొదలయ్యాయి. దెబ్బకు మేకలు చెదిరాయి. కొన్ని అక్క వెంట వచ్చాయి. కొన్ని చింతచెట్టు కిందికి ఉరికాయి. అక్క వెనక్కి తిరిగింది. మళ్లీ మెరిసింది. నాలుగు లెక్కపెట్టే లోపల ఉరిమింది. అక్క గదిలోకి పోయింది.

పిడుగు చింతచెట్టు మీద పడింది. ఐదు మేకలు పోయాయి.

కూతురి కాలేజీ ఫీజుకని పెట్టుకున్న మేకలవి. రాత్రి మేమంతా వాళ్లింటికి పోయాం. "మేకలు పోయె పాపా. నేను మిగిల్నా" అంది. అంతకు మించి మాట్లాడలేదు.

చెట్టు ఎత్తుగా ఉంటుంది. పిడుగు ఎత్తైన దాన్ని వెతుక్కుంటుంది. చెట్టు మీద పడిన కరెంటు చెట్టుతో ఆగదు. పక్కనున్న వాళ్ల మీదికి దూకుతుంది. నేలలో కూడా పారుతుంది. మేకకు ముందు కాళ్లు, వెనక కాళ్లు దూరంగా ఉంటాయి కదా. నేలలో పారే కరెంటు ఒక కాలిలో ఎక్కి ఇంకో కాలిలో దిగుతుంది. అందుకే పశువులు గుంపుగా చనిపోతాయి. మనుషులు కూడా గుంపుగా నిలబడకూడదు. దగ్గరలో ఇల్లు లేకపోతే ఏం చేయాలి? చెట్టుకు, కరెంటు స్తంభానికి, నీళ్లకు దూరంగా పోవాలి. గడ్డపార, కొడవలి కింద పెట్టాలి. రెండు పాదాలు దగ్గర పెట్టుకొని గొంతుకూర్చోవాలి. పడుకోకూడదు. ఇది వేరే దారి లేనప్పుడే. గట్టి ఇల్లు, తలుపులు మూసిన బస్సు మేలు. గడ్డి కప్పిన పందిరి పిడుగును ఆపలేదు.

పిడుగు దెబ్బ తిన్న మనిషిని తాకడానికి భయపడొద్దు. ఆ మనిషి ఒంట్లో కరెంటు మిగిలి ఉండదు. పేడ పూయడం, మన్ను కప్పడం చేస్తూ పొద్దు పోగొట్టొద్దు. వెంటనే 108కి ఫోను చేయాలి. ఊపిరి ఆగితే, ఆంబులెన్సు వచ్చే దాకా రొమ్ము మధ్యలో రెండు చేతులతో గట్టిగా, వేగంగా నొక్కుతూ ఉండాలి. ఇది ఆరోగ్య కార్యకర్తను అడిగి ముందే నేర్చుకోండి. మన దేశంలో పిడుగులకు ఏటా రెండు వేల మందికి పైగా చనిపోతున్నారు. వాళ్లలో ఎక్కువ మంది చేనులో పని చేసేవాళ్లు, పశువులు మేపేవాళ్లే. ఇంట్లో పెద్ద ఫోను ఉంటే "దామిని" అనే యాప్ పెట్టించుకోండి. పుణెలోని ప్రభుత్వ వాతావరణ సంస్థ తయారు చేసింది. దగ్గరలో పిడుగు పడే సూచన ఉంటే చెబుతుంది.

ఆ రోజు డబ్బాలో 18 మిల్లీమీటర్లు.

శుక్రవారం

మేకలను పూడ్చకముందే పశువుల డాక్టరుకు, వీఆర్వోకు చెప్పాం. వాళ్లు చూసి రాసిన కాగితం లేకుండా సాయం అడగడం కష్టం. "ఎన్ని గంటలకు పడింది? ఎక్కడ? ఎన్ని మేకలు?" అని అడిగారు. అక్క తన పుస్తకం చూపించింది. గురువారం, నాలుగుంబావు, చెరువు కట్ట చింతచెట్టు, ఐదు మేకలు అని రాసి ఉంది. అర్జీ కూడా అక్కే రాసింది. రెండు చోట్ల వొత్తు తప్పు పోయింది. నేను దిద్దబోతే వద్దంది. అట్లాగే ఇచ్చింది. సాయం ఇంకా రాలేదు. తిరుగుతూ ఉంది.

ఊరిలో మిగతా వాళ్లకు సంతోషమే. నాగళ్లు, ట్రాక్టర్లు కదిలాయి. ఈ పదునుకు దున్నితే గడ్డి చస్తుంది, పురుగుల గూళ్లు ఎండకు బయటపడతాయి, వచ్చే వాన నీళ్లు భూమిలోకి దిగుతాయి. రాలిన మామిడికాయలు ఇంటింటికీ పంచుకున్నాం.

రాత్రి లెక్క చేశాం. మీరూ చేయండి. ఒక మిల్లీమీటరు వాన ఒక ఎకరంలో పడితే సుమారు 4,000 లీటర్ల నీళ్లు. 18 మిల్లీమీటర్లకు ఎంత? 72,000 లీటర్లు. బిందెకు 15 లీటర్లు పడితే 4,800 బిందెలు! "బోరింగు కాడ ఎన్ని దినాలు నిలబడాల!" అంది అవ్వ.

శనివారం మోడం వేసింది. 2 మిల్లీమీటర్లు.

ఆదివారం

మొత్తం కూడాం. 5, 18, 2 కలిపితే 25 మిల్లీమీటర్లు. మా జిల్లాలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల దగ్గర పడుతుంది. నైరుతి వానలకు పడమటి కనుమలు అడ్డం. తూర్పు సముద్రమేమో దూరం. అందుకే ఇంత తక్కువ. ఆ కొంచెంలో 25 అంటే ఇరవై రెండో వంతు.

ఇంటింటా ఇప్పుడు ఒకటే మాట. శనగవిత్తనం వేద్దామా? ఒక అక్క మొగుడు విత్తనాలు కొలవడానికి బయలుదేరాడు. అక్క ఆపింది. ఇద్దరూ చేనుకు పోయి గడ్డపారతో తవ్వారు. మూడు వేళ్ల లోతు అప్పుడే ఎండిపోయింది. దాని కింద తడి ఉంది. జానెడు దిగితే మళ్లీ పొడి మన్నే. ఎర్రనేల, పైన రోహిణి ఎండ. మొలక వస్తుంది, తర్వాత వాన లేకపోతే మాడిపోతుంది. మూడేళ్ల కింద వాళ్లకు అట్లాగే జరిగింది. విత్తనాల అప్పు ఇప్పటికీ తీరలేదు.

ఆ రాత్రి అక్క పుస్తకంలో రాసింది: ఆదివారం. వాన సున్న. తడి జానకు తక్కువ. దున్నినాము. విత్తలేదు. జూన్ వానకు చూస్తాము. డబ్బా బోర్లించలేదు.