తెర కడుతున్న బిడ్డకు



ఫోన్‌లో నువ్వు చెప్పిందంతా విన్న. మన దిక్కు కొత్తగా సినిమాలు తీస్తున్న పిల్లల షార్ట్ ఫిల్ములు ఇరవై దాకా పోగైనయన్నవు. అన్నీ ఒకే రోజు వేస్తమని, నిజామాబాద్‌లో రాజీవ్ గాంధీ ఆడిటోరియం అడుగుతున్నమని, ఎమ్మెల్యేను, సినిమావాళ్లను పిలుస్తమని అన్నవు. ఆ పిల్లల సినిమాలు తప్ప మిగిలినవన్నీ మార్చుకొమ్మని నా సలహా. కోపం తెచ్చుకోకు, కారణాలు చెప్త.

ఇరవై వరుసగా వేస్తే ఏ ఒక్కటీ యాదికుండదు. పది నిమిషాలవి ఐదు చాలు, మిగిలినవి వచ్చే నెలకు ఉంచు. సినిమాకు ఎంత సేపో దాని మీద మాటకు అంతకు రెండింతలు ఇయ్యి. తెర కట్టేదే ఆ మాట కోసం. ఉత్త చూసుడే అయితే ఎవరి ఫోన్ వాళ్ల చేతిలో ఉంది. జగిత్యాల దిక్కు లంబాడిపల్లిలో కూర్చొని మై విలేజ్ షో వాళ్లు తీసినవి, గంగవ్వ మాటలు, దేశదేశాల తెలుగువాళ్లు ఫోన్‌లోనే చూసినరు. కానీ చూసేటోళ్ల ముఖం తీసినోనికి కనబడేది తెర ముందరే.

హైదరాబాద్ రవీంద్రభారతిలో పైడి జైరాజ్ ప్రివ్యూ థియేటర్ ఉంది. మామిడి హరికృష్ణ డైరెక్టర్‌గా ఉన్నప్పుడు భాషా సాంస్కృతిక శాఖ 2016 నవంబర్‌లో అక్కడ ‘సినివారం’ మొదలుపెట్టింది. శనివారం పూట కొత్త పిల్లల సినిమాలు వేసి, అయినంక తీసినోళ్లను ముందటికి పిలిచి మాట్లాడించేటోళ్లు. ఆ పద్ధతి పట్టుకో. జైరాజ్ ఎవరో నీ పిల్లలకు చెప్పు కూడా: కరీంనగర్‌లో పుట్టి, బొంబాయి పోయి, మూకీల కాలం నుంచి హిందీ సినిమాల్లో వేషాలు కట్టి, 1980 సంవత్సరానికి ఫాల్కే అవార్డు అందుకున్నడు. ఆయన నాడు సినిమా అంటే ఊరు విడిచిపోవుడే. నీ పిల్లలకు ఆ బాధ లేదు, బోధన్ బస్టాండులో నిలబడి తీయొచ్చు.

ఇగ జాగ. ఆడిటోరియం వద్దు. బోధన్‌లో, అదీ చక్కెర ఫ్యాక్టరీ ఉన్న శక్కర్‌నగర్‌లో, ఏదైనా బడి ఆవరణ అడుగు. ‘బలగం’ వచ్చినప్పుడు, 2023లో, ఏం జరిగిందో చూసినవు కదా. మన నర్సింగ్‌పల్లి నుంచి పోయిన దిల్ రాజు సంస్థ తీసిన సినిమా. థియేటర్లలో ఆడింది ఆడంగనే, ఊళ్లల్లో తెరలు కట్టి, జనం గుంపులుగా కింద కూర్చొని ఏడ్చుకుంట చూసినరు. ఏండ్లుగా మాట్లాడుకోని అన్నదమ్ములు కలిసినరని పేపర్లలో చదివినం. ఆ ఏడుపు ఏసీ హాలులో రాదనను గాని, పక్కన కూర్చున్నది సొంత వాడకట్టు మనిషైతే దానికి తోవ సులువు. ఒక సంగతి మాత్రం మరవకు. సినిమా మీద హక్కు తీసినోళ్లది. ఇప్పుడు నువ్వు వేసే ప్రతి దానికీ తీసినోళ్ల దగ్గర కాగితం మీద ఒప్పుకోలు రాయించుకో. సినిమా పాట ముక్క అతికించిన వాళ్లుంటే తీసేయమను. మనకు డప్పు ఉంది, ఒగ్గు కథ చెప్పేటోళ్లున్నరు. ఎవరితోనైనా వాయించి రికార్డు చేసుకుంటే ఏ కంపెనీకీ జవాబు చెప్పే పని ఉండదు.

నీ జాబితాలో చక్కెర ఫ్యాక్టరీ మీద మూడున్నయన్నవు. చూడకముందే ఒక మాట. 1937లో పెట్టిన నిజాం షుగర్స్, ఆసియాలోనే పెద్దదని పేరు మోసిన ఫ్యాక్టరీ, 2002లో ప్రైవేటు చేతికి పోయి 2015 డిసెంబర్‌లో తాళం పడ్డది. ఇది అందరికీ తెలుసు. తుప్పు పట్టిన షెడ్ల మీద డ్రోన్ ఎగరేసి, వెనక ఏడుపు సంగీతం పెడితే అది ఫ్యాక్టరీ మీద సినిమా కాదు, డ్రోన్ మీద సినిమా. పాన్ హౌస్‌లో పాకం చూసి గింజ పట్టిందో లేదో చెప్పినోళ్లు, కాటా దగ్గర చెరుకు బండ్ల వరుసలో రాత్రిళ్లు కాచినోళ్లు ఇంకా మన మధ్యనే ఉన్నరు. వాళ్లను ముందు వరుసలో కూర్చోబెట్టు. తప్పు ఎక్కడుందో వాళ్లే పట్టుకుంటరు. జీతం ఆగిన ఇంట్లో ముందుగా ఏది అమ్ముకున్నరో, పిల్ల చదువు ఎక్కడ ఆగిందో, చెరుకు వేసిన రైతు వరికి ఎట్ల మళ్లిండో వాళ్లు చెప్తే, వచ్చే ఏడు నాలుగు మంచి కథలు పుడతయి.

నీ జాబితాలోని బీడీల సినిమా సంగతీ అంతే. తునికాకు తడపకుండ కత్తిరిస్తే పగులుతదని మన ఆడోళ్లకు చిన్నప్పటి నుంచి తెలుసు. తెర మీద హీరోయిన్ ఎండుటాకు కత్తిరిస్తే వాళ్లు నవ్వుతరు. ఆ నవ్వును తీసిన పిల్లగాడు విననీ. ఒక కట్టుబాటు పెట్టు: తీసినోళ్లు ముందు వినాలె, అందరూ చెప్పినంకనే నోరు తెరవాలె. “నా ఉద్దేశం అది కాదు” అనే మాటను ఆ రాత్రికి నిషేధించు. నువ్వు పక్కన కూర్చొని ఒక పుస్తకంలో ఎవరేమన్నరో రాసిపెట్టు, మరునాడు ఆ పిల్లలకు చదివి వినిపించు.

బోధన్ అంటే ఒక్క తెలుగే కాదు. ఉర్దూ మాట్లాడే గల్లీలున్నయి, అటు ధర్మాబాద్ దిక్కు నుంచి వచ్చిన మరాఠీ వాళ్లున్నరు, వర్ని దారిలో నిజాంసాగర్ నీళ్లకు తరలొచ్చిన కోస్తా రైతుల క్యాంపులున్నయి. మైకులో చెప్పేది ఉర్దూలో కూడా చెప్పించు. కింద అక్షరాలు వేస్తే పెద్దగా, తెల్లగా, నల్ల గీత చుట్టి వెయ్యండి.

పనుల సంగతి క్లుప్తంగా. అన్ని సినిమాల సౌండ్ ఒకే మట్టంలో పెట్టించు, లేకపోతే ఒకటి గుసగుసలాడుతది, ఇంకొకటి చెవులు పగలగొడతది. ముందురోజు చీకటి పడ్డంక అదే జాగలో, అదే ప్రొజెక్టర్‌తో అన్నీ వేసి చూసుకో. తెర మీద పడే వీధి దీపం ఆర్పించేందుకు కరెంటోళ్లతో ముందే మాట్లాడు. జనరేటర్ దూరంగ పెట్టించు. రాత్రి పదికి మైకు బంద్, చట్టమే అది, కాబట్టి ఏడింటికి మొదలుపెట్టాలె. ఎమ్మెల్యేను పిలువు, తప్పేం లేదు, చూసేందుకు పిలువు. శాలువాలకు, పూలదండలకు గంట పోతే పసిపిల్లల తల్లులు మొదటి సినిమాకే లేచిపోతరు.

శుక్రవారం మాత్రం పెట్టకు. సౌదీల, కువైట్ల పనికి పోయిన మనోళ్లకు ఆ దినం సెలవు, ఇక్కడ ఇండ్లల్లో అందరూ ఫోన్లకు చూస్తుంటరు. మసీదుకు పోయేటోళ్లకూ అది పెద్ద దినం. శనివారం ఖాయం చెయ్యి. జాబితాలో గల్ఫ్ మీద తీసినది ఉంటే దాన్ని మొదటనే వెయ్యి, చివరిదాకా కూర్చునే తీరిక ఆ ఇండ్ల ఆడోళ్లకు ఉండదు. తెర బట్ట ఖర్చు నేను పెట్టుకుంట, కొలతలు పంపు.

నీ పెద్దబాపు
నిజామాబాద్